పాల్ ఇంటి పిల్ల: ‘మిస్సమ్మ’లో ఒక సువార్త పాఠం

(విజయవాడలో చేసిన స్మారకోపన్యాసానికి అచ్చుపాఠం)



ఈ స్మారక సభ జరుగుతున్నది మాస్టారి పేరిట. మాస్టారు వారమంతా మిషన్ స్కూల్లో తెలుగు చెప్పి, ఆదివారం గుడిలో వాక్యం చదివిన మనిషి. ఆయనకు ప్రాణమైన సినిమా ‘మిస్సమ్మ’. ఆ సినిమాలో క్రైస్తవ విశ్వాసానికి పనికొచ్చే పాఠం ఏముందో ఇవాళ మీ ముందు పెడతాను.

మన డెల్టా సంఘాల్లో చాలాకాలం సినిమాను సారా, పేకాటల సరసన కూర్చోబెట్టారు. హాలు దగ్గర కనిపించిన కుర్రవాణ్ణి ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు పక్కకు పిలిచి మందలించేవారు. మాస్టారు ఆ పెద్దలతో వాదన పెట్టుకునేవారు కాదు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం తీసి చదవమనేవారు, అంతే. పౌలు ఏథెన్సులో అరేయొపగు మీద నిలబడి జీవముగల దేవుణ్ణి గురించి చెబుతూ, ఆ ఊరివాళ్ళు ఎరిగిన గ్రీకు కవుల మాటనే సాక్ష్యంగా తెచ్చుకున్నాడు. ఆ కవులు విశ్వాసులు కారు, పౌలు చెప్పబోయే సంగతి వాళ్ళు కలలో కూడా అనుకోలేదు. అయినా వాళ్ళ మాటలో ఉన్న నిజం పౌలుకు పనికొచ్చింది. ఏథెన్సు వాళ్ళకు ఆ కవులున్నారు, మనకు పింగళి నాగేంద్రరావు గారున్నారు. ఇంతకు మించిన అనుమతి ఈ ఉపన్యాసానికి అక్కర్లేదనుకుంటాను.

సినిమాలో సువార్త అనగానే మీలో చాలామంది మనసు ‘కరుణామయుడు’ మీదికి వెళ్ళి ఉంటుంది. వెళ్ళాలి కూడా. 1978లో వచ్చిన ఆ సినిమా భీమ్‌సింగ్ గారి దర్శకత్వంలో, విజయచందర్ గారు క్రీస్తుగా తయారైంది. విడుదలకు ముందే భీమ్‌సింగ్ గారు కన్నుమూశారు. అందులో క్రీస్తు కరుణను రథంగా కదిలించిన పాట రాసిన మోదుకూరి జాన్సన్ గారిది తెనాలి దగ్గర కొలకలూరు. పల్లెల్లో తెల్లగుడ్డ కట్టి, జనరేటర్ పెట్టి ఆ బొమ్మ ఆడిస్తుంటే, సిలువ ఘట్టం దగ్గర చేతులు జోడించిన జనంలో క్రైస్తవేతరులు ఎందరో ఉండేవారు. దాని మీద వేరే ఉపన్యాసమే చెప్పుకోవచ్చు. కానీ అది సువార్తనే కథగా తీసుకున్న సినిమా. అందులో సువార్తను వెతకాల్సిన పని లేదు. ‘మిస్సమ్మ’ అలా కాదు. అది నవ్వించడానికి తీసిన బొమ్మ. ఉద్యోగాలు దొరకని ఇద్దరు పట్టభద్రులు మొగుడూ పెళ్ళాలమని అబద్ధమాడి ఒక జమీందారు గారి బడిలో పంతుళ్ళుగా చేరిన కథ. అలాంటి చోట దొరికిన పాఠానికి నా దృష్టిలో విలువ ఎక్కువ, ఎందుకంటే అక్కడ ఎవరూ దాన్ని మన కోసం పెట్టలేదు.

1955 జనవరి 12న విడుదలైన ఈ చిత్రం మద్రాసులో తయారైనా, మనుషుల్ని చూస్తే మన కాలువ గట్ల మీదే పుట్టిందనిపిస్తుంది. కథ, మాటలు సమకూర్చి, నాగిరెడ్డి గారితో కలిసి నిర్మించిన చక్రపాణి గారిది తెనాలి ఐతానగరం. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ గారిది ఏలూరు దగ్గర సోమవరప్పాడు. ఎన్.టి. రామారావు గారిది నిమ్మకూరు, ఆయన డిగ్రీ చదివింది గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో. నాగేశ్వరరావు గారిది గుడివాడ పక్కన రామాపురం. జమీందారుగా వేసిన ఎస్.వి. రంగారావు గారు పుట్టింది నూజివీడులో, ఆయన రెండో కూతురుగా వేసిన జమున గారు పెరిగింది దుగ్గిరాలలో. పాటలు రాసిన పింగళి వారిని పెంచింది బందరు. ఇక కథానాయిక మేరీగా వేసిన సావిత్రి గారిది ఇక్కడి నుంచి కృష్ణ దాటితే వచ్చే చిర్రావూరు. ఆమె ఆట నేర్చుకున్నది ఈ బెజవాడలోనే. ముందు ఆ వేషం భానుమతి గారిదని, వరలక్ష్మీ వ్రతం చేసుకుని సెట్టుకు ఆలస్యంగా రావడంతో చక్రపాణి గారితో మాట పట్టింపు వచ్చి చేయి మారిందని సినిమా వాళ్ళు నేటికీ చెప్పుకుంటారు. చెల్లెలి వేషానికి అనుకున్న సావిత్రి అలా మేరీ అయింది.

చక్రపాణి గారి గురించి ఇంకొక్క సంగతి. పడుచుతనంలో ఆయనకు క్షయ వచ్చింది. ఆ రోజుల్లో క్షయ అంటే మరణశాసనమే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో చేరి నెలల తరబడి మంచాన ఉన్నారు. అది ఒక్క సంఘం పెట్టింది కాదు, అనేక క్రైస్తవ మిషన్లు చేతులు కలిపి కట్టిన క్షయ ఆస్పత్రి. అక్కడ ఉండగానే తోటి మనిషి దగ్గర బెంగాలీ పట్టుబట్టి నేర్చుకున్నారు. ఆ బెంగాలీతోనే తర్వాత శరత్ నవలలు తెలుగులోకి తెచ్చారు. రవీంద్రనాథ్ మైత్రా రాసిన ‘మన్మయీ గర్ల్స్ స్కూల్’ అనే బెంగాలీ నాటకం ‘మిస్సమ్మ’కు మూలమైంది. మిషన్ ఆస్పత్రి మంచం మీద నేర్చిన భాష లోంచి తెలుగు తెరకు మేరీ నడిచి వచ్చింది. దీన్ని దేవుని ఏర్పాటు అని నేను బల్లగుద్ది చెప్పను. కానీ ఆ ఆస్పత్రి నడిపిన వాళ్ళ చాకిరీకి ఇలాంటి ఫలం ఒకటి కాసిందని వాళ్ళకు తెలిసి ఉండదు, ఆ మాట మటుకు చెప్పుకోవాలి.

1955 నాటికి మన ప్రాంతంలో సువార్తకు నూరేళ్ళు దాటాయి. 1841లో మిషనరీలు రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ బందరులో దిగారు. మరుసటేడు హేయర్ గుంటూరు వచ్చాడు. 1859లో రాఘవాపురం వెంకయ్య అనే మాల పెద్ద దేవుణ్ణి వెతుక్కుంటూ బెజవాడ కృష్ణ స్నానాల తిరునాళ్ళకు వచ్చి, ఇక్కడ డార్లింగ్ దొర నోట క్రీస్తు మాట విని బాప్తిస్మం పొందాడని మిషన్ చరిత్రలు చెబుతాయి. మన పల్లె సంఘాలు చాలావరకు ఆ వెంకయ్య వేసిన బాట మీద నడిచినవే. 1883లో గుంటూరు వచ్చిన అన్నా కుగ్లర్ డాక్టరమ్మ లాంటి వాళ్ళ వెనక ఎందరో తెలుగు ఆడవాళ్ళు పంతులమ్మలుగా, నర్సులుగా, బైబిలు స్త్రీలుగా ఊళ్ళలో తిరిగారు. కాబట్టి తెర మీద చదువుకున్న క్రైస్తవ పిల్ల బడిపంతులమ్మగా కనిపిస్తే డెల్టా ప్రేక్షకుడికి వింత కాదు. ఆ పిల్ల మన వీధిలోదే. తర్వాతి దశాబ్దాల తెలుగు సినిమా క్రైస్తవ యువతిని క్లబ్బు డాన్సుకూ, విలన్ పక్కన కుర్చీకీ నెట్టేసింది. సావిత్రి గారి మేరీకి ఉన్న చదువు, రోషం, ప్రార్థన, నోటి దురుసు, మంచితనం మళ్ళీ ఏ క్రైస్తవ పాత్రకూ పూర్తిగా దక్కలేదని నా అభిప్రాయం.

ఇక కథలోకి. మేరీ ఇల్లు వదిలి ఉద్యోగానికి బయల్దేరడానికి కారణం అప్పు. తండ్రి పాల్ డేవిడ్ దగ్గర బాకీ పడ్డాడు. రమణారెడ్డి గారు వేసిన ఈ డేవిడ్‌కు డబ్బు రాకపోయినా ఫరవాలేదు, పిల్లనిస్తే చాలు. అప్పును అడ్డం పెట్టుకుని పెళ్ళి అడుగుతున్నాడు. రమణారెడ్డి గారి సన్నటి ఒళ్ళు, ఆ మాట విరుపు చూసి మనం నవ్వుతాం. నవ్వు ఆగాక చూస్తే ఇది మన ఊళ్ళలో జరిగే పనే. కౌలుకు చేసే రైతు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తాడు, పంట పోతే ప్రోనోటు తిరగరాస్తాడు. మూడేళ్ళు దాటితే నోటు చెల్లదు కనుక గడువు లోపల అసలూ వడ్డీ కలిపి కొత్త నోటు పుడుతుంది. అప్పిచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఆదివారం ఒకే గుడిలో కూర్చుంటారు. మాకు బాకీ ఉన్నవాళ్ళను మేము విడిచిపెట్టినట్టే మా బాకీలు విడిచిపెట్టమని ప్రభువు నేర్పిన ప్రార్థనను ఇద్దరూ గొంతు కలిపి చెబుతారు. మత్తయి 18వ అధ్యాయంలో కోట్ల బాకీ మాఫీ చేయించుకుని బయటికొచ్చిన దాసుడు, తనకు కొద్దిపాటి బాకీ ఉన్న తోటివాడి గొంతు పట్టుకున్నాడు. డేవిడ్ ఆ దాసుడి బంధువే.

డేవిడ్ క్రైస్తవుడు కావడం చూసి మన వాళ్ళు కొందరు నొచ్చుకోవచ్చు. నేను నొచ్చుకోను. యెరికో దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ణి చూసి తప్పుకుపోయింది యాజకుడూ లేవీయుడూ, ఆగింది సమరయుడు. ఆ కథ చెప్పినప్పుడు ప్రభువు తన వాళ్ళ మర్యాద కాపాడే ప్రయత్నం చేయలేదు. ఇక్కడా అంతే. సంఘంలోని మనిషి అప్పు పేరుతో పిల్లను అడిగాడు. సంఘం బయటి మనిషి ఎం.టి. రావు అదే పిల్లతో ఒకే కప్పు కింద మొగుడిగా నటిస్తూ కూడా గీత దాటలేదు. ఆమె కోపాన్ని భరించాడు, విశ్వాసాన్ని వేళాకోళం చేయలేదు. మంచి సమరయుణ్ణి మనం ప్రతి ఏటా ప్రసంగాల్లో మెచ్చుకుంటాం. మన పొరుగున ఉన్న సమరయుడు ఎవరంటే మాత్రం జవాబు చెప్పడానికి తడుముకుంటాం. రామారావు గారు వేసిన ఆ పాత్ర నాకు ఆ జవాబుల్లో ఒకటి.

తర్వాత బడి ఉన్న ఊరు, అప్పాపురం. జమీందారు గోపాలం గారు, ఆయన భార్య వచ్చిన ఇద్దరినీ దంపతులనే నమ్మారు. మేరీ క్రైస్తవురాలన్న సంగతి వాళ్ళకు తెలియదు. ఉద్యోగం నిలవాలంటే తెలియకూడదు. చూసేవాళ్ళకు ఇక్కడే హాస్యం. నాకు మాత్రం ఇక్కడ గుండె బరువెక్కుతుంది. జీతం కోసం తన విశ్వాసాన్ని నాలుగు గోడల మధ్య దాచుకుని, బయట ఇంకొకరిలా మసలే మనిషిని ఈ డెల్టాలో నేను కొత్తగా చూడటం లేదు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకే అంది. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు బీసీ-సి. రిజర్వేషన్లలో వాళ్ళ వాటా నూటికి ఒకటి. దాంతో ఏమైందో ఈ హాల్లో ఉన్న వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. బడి రిజిస్టర్లో ఒక పేరు, బాప్తిస్మం రిజిస్టర్లో ఇంకో పేరు. ఎమ్మార్వో ఆఫీసులో ఒక జవాబు, పాస్టరు గారి ముందు ఒక జవాబు. అంటరానితనం మతం చూసి వదలదు, హోదా మాత్రం మతం చూసి వదిలిపోతుంది.

అలాంటి పిల్లలను వేషధారులని పిలిచేవాళ్ళు ఉన్నారు. నేను పిలవను. ‘మిస్సమ్మ’ కూడా పిలవదు. మేరీ అబద్ధంలో కాపురం ఉంది. ఆ అబద్ధం ఆమెను లోపల కోస్తూనే ఉంది, ప్రతి చిన్న మాటకూ చిర్రెత్తిపోవడానికి అసలు కారణం అదే. సావిత్రి గారు ఆ చిరాకు వెనక ఉన్న దిగులును ఎక్కడా వదిలిపెట్టలేదు. ఒక్క చూపుతో, పెదవి బిగింపుతో పట్టి ఉంచారు. దేవుడు ఆ మనిషిలో చూసేది అబద్ధాన్నా, అబద్ధం కింద నలుగుతున్న ప్రాణాన్నా? లూకా 16లో లెక్కలు తారుమారు చేసిన గృహనిర్వాహకుణ్ణి అతని యజమానుడు మెచ్చుకోవడం చదివి ఎన్నో తరాల ప్రసంగీకులు ఇబ్బంది పడ్డారు. బతుకు తరుముతున్నప్పుడు మనుషులు చేసే పనులను ప్రభువు మనకంటే ఓపికగా చూస్తాడని నాకు ఆ కథ చెబుతుంది.

ఈ సినిమాలో మేరీమాతను వేడుకునే పాట ఒకటుంది. రాసింది పింగళి వారు, స్వరపరిచింది సాలూరి రాజేశ్వరరావు గారు, పాడింది పాలక్కాడు వైపు నుంచి వచ్చిన పి. లీల గారు. ముగ్గురూ క్రైస్తవేతరులే. అయినా దిక్కు తోచని పిల్ల తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని మాట్లాడినట్టే ఉంటుంది ఆ పాట. మేము లూథరన్లం, మేము సి.ఎస్.ఐ., మేము బాప్టిస్టులం, మాకు మరియమ్మ ప్రార్థన లేదని మీలో కొందరు అంటారు. నాకూ లేదు. కానీ ఫిబ్రవరిలో గుణదల కొండ కింద నిలబడి చూసినవాళ్ళకు ఆ పాట ఎందుకంత నిజమో తెలుస్తుంది. తలనీలాలు ఇచ్చేవాళ్ళు, కొబ్బరికాయ కొట్టేవాళ్ళు, చంటిబిడ్డను చంకనేసుకుని మెట్లెక్కే తల్లులు. అందులో ఎవరు క్రైస్తవులో ఎవరు కారో విడదీసి చెప్పడం కష్టం. ఫిబ్రవరి 11 పండుగ నాటికి ఏలూరు రోడ్డు పొడుగునా జనమే.

ఆ కొండ మీద లూర్దు మాత స్వరూపం ఎవరు పెట్టారో గుర్తుచేస్తాను. 1924లో ఫాదర్ ఆర్లాటి అనే ఇటలీ గురువు పెట్టాడు. అప్పుడు ఆయన గుణదలలో సెయింట్ జోసెఫ్ అనాథాశ్రమానికి పెద్ద. లక్షల మంది వచ్చే ఈ పుణ్యక్షేత్రానికి బీజం తల్లీతండ్రీ లేని పిల్లల ఇల్లు. ఆశ్రమానికి పేరు యోసేపుది. ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోండి, ఎందుకంటే నేను అసలు చెప్పదలచుకున్న పాఠం దగ్గరికి ఇప్పుడు వస్తున్నాను.

జమీందారు గారి పెద్దమ్మాయి మహాలక్ష్మి చిన్నప్పుడు కాకినాడలో తప్పిపోయింది. ఆ పిల్ల పేరు మీదే ఊళ్ళో బడి పెట్టారు. ఆ బడికి పంతులమ్మగా వచ్చిన మేరీని చూడగానే ఆ తల్లికి మనసాగలేదు. రుజువు లేదు, ఆనవాలు ఇంకా బయటపడలేదు, అయినా కూతురిలాగే పిలిచి, కూతురిలాగే ముద్దుచేసింది. మేరీకి ఒళ్ళు మండింది కూడా. అటు మద్రాసు మనుషులైన పాల్, ఆయన భార్య అంతకు ఎన్నో ఏళ్ళ ముందు సరిగ్గా అదే పని చేశారు. కాకినాడ జనంలో తప్పిపోయి ఏడుస్తున్న పిల్ల. ఎవరి బిడ్డో, ఏ కులమో తెలియదు. ఇంటికి తెచ్చుకున్నారు, మేరీ అన్నారు, బి.ఏ. దాకా చదివించారు. చివరికి అప్పుల పాలయ్యారు.

1955లో చట్టం ఆ దంపతులను ఏమనేదో చూడండి. హిందువులకు దత్తత చట్టం ఆ మరుసటి ఏడు, 1956లో వచ్చింది. క్రైస్తవులకు దత్తత చట్టమే లేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకులు మాత్రం కావచ్చు. అంటే పెంచవచ్చు, చదివించవచ్చు, కానీ కాగితం మీద తల్లీతండ్రీ కాలేరు. మన దేశంలో క్రైస్తవ దంపతులు ఒక అనాథ బిడ్డను చట్టం ప్రకారం తమ బిడ్డగా తెచ్చుకోవడానికి దారి తెరిచింది 2000 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం, దానికి 2006లో చేసిన సవరణ. అంతదాకా మన మిషన్ కాంపౌండ్లలో, పంతుళ్ళ ఇళ్ళలో పెరిగిన పిల్లలందరికీ ఆ తల్లిదండ్రులతో ఉన్న బంధానికి ప్రేమ తప్ప వేరే దస్తావేజు లేదు. పాల్‌కూ లేదు.

తండ్రి పేరు పాల్ కావడం యాదృచ్ఛికమే అయి ఉంటుంది. చక్రపాణి గారు రోమా పత్రిక ముందేసుకుని కథ రాశారని నేను అనను. అయినా మన దత్తత వేదాంతమంతా పౌలుది. రోమా, గలతీ, ఎఫెసీ పత్రికల్లో ఆయన చెప్పేది ఒకటే: మనం దేవుని పిల్లలం అయింది పుట్టుకతో వచ్చిన హక్కు వల్ల కాదు, ఆయన ఏర్పరచుకుని దత్తత చేసుకోవడం వల్ల. ఆనవాళ్ళు అడగకుండా, అర్హత తేల్చకుండా, ముందుగా పిల్లలారా అని పిలిచాడు. ఆ పిలుపుతో పిల్లలమయ్యాం. కృప అంటే ఏమిటో నలభై నిమిషాల ప్రసంగంలో అర్థం కానివాళ్ళకు, తనది కాని బిడ్డ కోసం అప్పు చేసిన ఈ పాల్‌ను చూపిస్తే అర్థమవుతుంది.

ఇంత చెప్పాక ఈ సినిమా ముగింపుతో నాకున్న పేచీ కూడా చెప్పాలి. దాచడం న్యాయం కాదు.

చివరికి నాగేశ్వరరావు గారు వేసిన డిటెక్టివ్ రాజు పుట్టుమచ్చ పట్టుకుంటాడు. మేరీ అసలు మహాలక్ష్మేనని తేలుతుంది. అడ్డంకులన్నీ తొలగి పెళ్ళిళ్ళు కుదురుతాయి. హాల్లో అందరూ సంతోషించారు. కానీ రాఘవాపురం వెంకయ్య వారసులు ఆ సంతోషంలో ఎలా కలవాలి? వాళ్ళు సువార్త దగ్గరికి వచ్చిందే పుట్టుక ముద్రను దాటడానికి. ఎక్కడ పుట్టావన్నదే ఏ బావిలో నీళ్ళు తోడుకోవాలో, ఏ బడిలో ఎక్కడ కూర్చోవాలో తేల్చిన నేల ఇది. అలాంటి చోట చిక్కుముడి విప్పింది మళ్ళీ పుట్టుకే అయింది. మేరీ నిజంగా పాల్ దంపతుల కడుపున పుట్టిన పిల్లే అయి ఉంటే? జమీందారు గారి ఇంట్లో నిజం బయటపడ్డాక ఆ తల్లి అదే నోటితో అమ్మా అని పిలిచేదా? సినిమా ఆ ప్రశ్న దాకా వచ్చి, మచ్చ చూపించి తప్పుకుంది. దానికి పదిహేడేళ్ళ ముందే, 1938లో, చలం గారి కథతో గూడవల్లి రామబ్రహ్మం గారు తీసిన ‘మాలపిల్ల’ బ్రాహ్మణ యువకుడికీ మాలపిల్లకూ ప్రేమ పెట్టి, ఆ పిల్ల ఎవరో పెద్దింటి బిడ్డ అని చివర్లో తేల్చకుండా నిలబడింది. ‘మిస్సమ్మ’కు ఆ ధైర్యం లేకపోయింది.

మాస్టారు ఈ మాట ఒప్పుకునేవారు కారు. లూకా 15 చూడు, తప్పిపోయిన గొర్రె, పోయిన నాణెం, పోయిన కుమారుడు, అన్నీ దొరికాయి, పండుగ చేసుకున్నారు, దొరికిన సంతోషానికి లెక్కలు అడగకూడదు అనేవారు. ఆయన మాటలో బలముంది. దొరికిన బిడ్డను చూసి ఏడ్చిన రంగారావు గారితో నేనూ ఏడ్చాను. కానీ ఆ పిల్ల తప్పిపోయి ఉన్న ఆ ఏళ్ళన్నీ అనాథగా లేదు కదా. ఆమె ఒక ఇంటి బిడ్డ.

ఇందుకు నాకు ఆసరా మత్తయి సువార్త మొదటి అధ్యాయం. ఆ వంశావళి చదవడం మొదలుపెడితే అబ్రాహాము నుంచి దావీదు, దావీదు నుంచి చెర, చెర నుంచి యోసేపు. యోసేపు దగ్గరికి వచ్చి ఆగుతుంది. అదే అధ్యాయం, కొన్ని వచనాల తర్వాత, యోసేపు యేసుకు కన్నతండ్రి కాడని చెబుతుంది. మరి ఇంత పొడుగు వరుస ఎందుకు? దేవదూత యోసేపుతో, నువ్వు ఆయనకు పేరు పెట్టు అన్నాడు. యోసేపు పేరు పెట్టాడు. తనది కాని బిడ్డకు పేరు పెట్టి తన బిడ్డగా చేసుకున్నాడు. మత్తయి చెప్పిన వరుసలో యేసు దావీదు కుమారుడు అయింది ఆ పేరు పెట్టడం వల్లే, రక్తం వల్ల కాదు. ఏ పుట్టుమచ్చా చూపించనక్కర్లేని తండ్రితనం అది. గుణదల ఆశ్రమానికి ఆయన పేరే సరైన పేరు. మద్రాసులో పాల్ ఆ పిల్లకు మేరీ అని పేరు పెట్టిన రోజున యోసేపు చేసిన పనే చేశాడు. తర్వాత ఎవరు ఏ మచ్చ చూపించినా ఆ పని రద్దు కాదు.

కాబట్టి చివరి రీలు ఒక మాట చెబితే, దాని ముందున్న రీళ్ళన్నీ ఇంకో మాట చెబుతున్నాయి. నేను ముందు రీళ్ళనే నమ్ముతాను. రావు మనసు ఇచ్చింది మేరీకి, ఆమె క్రైస్తవురాలని తెలిసే ఇచ్చాడు. పాల్ దంపతులు కన్నకడుపు కాకపోయినా పెంచారు. మచ్చ వచ్చి ఈ ప్రేమల్లో దేన్నీ పుట్టించలేదు. ప్రేక్షకులు కూడా నాలాగే అనుకుని ఉండాలి, ఇన్నేళ్ళయినా తెలుగునాట ఆ పిల్లను ఎవరూ మహాలక్ష్మి అని పిలవరు.

రాజు వెతుక్కుంటూ వచ్చి అడిగినప్పుడు పాల్ నిజం చెప్పాడు. ఈ పిల్ల మాకు కాకినాడలో దొరికింది అన్నాడు. ఆ ఒక్క మాటతో బిడ్డ చేయి జారిపోతుందని తెలియనివాడు కాడు. మా పిల్లేనని బుకాయించి ఉంటే కాదనడానికి ఎదురుగా మనిషి లేడు. అప్పాపురంలో అందరూ ఏదో ఒక అబద్ధం మీద నడుస్తున్న కథలో, నిజం చెబితే అందరికంటే ఎక్కువ నష్టపోయేవాడు నిజం చెప్పాడు. నన్నడిగితే ఆ సినిమాలో సిలువ మోసిన పాత్ర అదే.

పాల్ భార్య గురించి ఒక మాట చెప్పి కూర్చుంటాను. ఆ తల్లికి సినిమా ఇచ్చిన చోటు చాలా తక్కువ. కన్నతల్లికి కూతురు దొరికిన సంతోషం మనం కళ్ళారా చూశాం. పెంచిన తల్లి కడుపుకోత మాత్రం మన ఊహకే మిగిలింది. నిర్గమకాండంలోనూ ఇంతే. నీళ్ళలో దొరికిన మోషేను ఎత్తుకుని పెంచి పేరు పెట్టిన ఫరో కుమార్తెకు ఆ పుస్తకం పేరైనా చెప్పదు. మోషే తన జనం దగ్గరికి వెళ్ళిపోయాక ఆమె ఏమైందో ఒక్క వచనం లేదు. మోషే మీద, మోషే కన్నతల్లి యోకెబెదు విశ్వాసం మీద మన గుళ్ళలో ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఈ పెంచిన తల్లి మీద ఎవరైనా ఒక ఆదివారం ప్రసంగిస్తే వినాలని ఉంది. ఈ సభలో పాస్టరు గార్లు ఉన్నారు కనుక అడుగుతున్నాను.